శుక్రవారం చెంచా

పెద్ద గిన్నె మూత తీయగానే ఆవిరి వంటామె కళ్ళద్దాల మీద కమ్మింది. ఆమె అద్దాలను ముక్కు మీదికి జార్చి, వాటి పైనుంచి గడియారం చూసింది. పదకొండుకు పది నిమిషాలు తక్కువ. పదకొండున్నరకల్లా ట్రాలీలు వార్డులకు కదలాలి.

పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. పెద్దదానిలో మాంసం సూపు, అరవై మంది రోగులకు. చిన్న గిన్నె చెవికి నీలం గుడ్డపేలిక కట్టి ఉంది. అందులోదీ అదే సూపు, కానీ ఉప్పు పడకూడదు. గుండె జబ్బువాళ్ళకూ మూత్రపిండాలు చెడినవాళ్ళకూ వెళ్ళేది అది. కిందటేడు ఒకసారి ఈ గిన్నెలు తారుమారై, మూడో వార్డులో ఒక పెద్దాయన చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు. అప్పటినుంచి గోడకు ఒక పుస్తకం వేలాడుతోంది. రెండు గిన్నెలనూ వంటామె స్వయంగా రుచి చూడాలి, చూసిన వేళ వేసి అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ట్రాలీ గడప దాటదు. ఇంకెవరి చెంచా అయినా గిన్నెలో పడిందంటే, ఆ మనిషికి ఆ వంటింట్లో అదే ఆఖరి రోజు.

వంటామె వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది.

"ఉప్పక్కా, ఒక్కసారి ఇలా రావూ."

తొట్టి దగ్గర గిన్నెలు తోముతున్న మనిషి చేతుల నురగ కడుక్కుని వచ్చింది. ఆవిడ వంటామె కంటే అయిదారేళ్ళు పెద్దదే అయినా వంటామెను అక్కా అనే పిలిచేది. "గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే అక్క" అని నవ్వేది. ఉప్పక్క అన్న పేరు కూరగాయలు తరిగే బాబాయి పెట్టాడు. ఆవిరి ముఖానికి తగిలితే చాలు, ఉప్పు ఎక్కువో తక్కువో చెప్పేస్తుందని.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలంలో, శుక్రవారం నాడు వంటామె మాంసం ముట్టదు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. ఇన్నాళ్ళూ శుక్రవారాల్లో చేతి అందాజు మీదే వండింది. ఈ ఏటి తపస్సుకాలానికి పుస్తకం అడ్డొచ్చింది. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడూ, ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ ఆమె రుచి పని ఉప్పక్కకు అప్పగించి, సంతకం తను పెడుతోంది.

మొదటి రోజున ఉప్పక్క గిన్నె మీదికి వంగి ఆవిరి పీల్చి, "కాస్త తక్కువైంది" అంది. వంటామె ఒప్పుకోలేదు. "ముక్కుతో కాదు, నాలుకతో చెప్పు. రోగుల తిండి ఇది." ఉప్పక్క చెంచా వైపు ఒక క్షణం చూసింది, ఆ తర్వాత తీసుకుంది. నియమం తప్పుతున్నందుకు భయపడుతోందనుకుంది వంటామె. రుచి చూశాక ఉప్పక్క ప్రతిసారీ కుళాయి దగ్గరకు వెళ్ళి మూడుసార్లు పుక్కిలించేది. శుభ్రం గల మనిషి అని కూడా అనుకుంది.

ఈ శుక్రవారమూ ఉప్పక్క పొడవాటి చెంచాతో పెద్ద గిన్నెలోంచి తీసి, ఊది, నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"సరిపోయింది."

రెండో చెంచా తీసి నీలం గుడ్డ గిన్నె వైపు తిరిగింది. చెంచా ఇంకా సూపుకు తగల్లేదు.

"ఏయ్! ఏం చేస్తున్నావు నువ్వు?"

గుమ్మంలో సూపర్వైజరు. చేతిలో వార్డుల చీటీలు. ఎప్పుడూ పదకొండుంబావుకు వచ్చేవాడు ఇవాళ ముందే వచ్చాడు. తరుగుడు బాబాయి కత్తి ఆగిపోయింది.

"గిన్నెలో చెంచా పెడతావా? తింటున్నావా రోగుల తిండి?"

ఉప్పక్క కింది పెదవి మీద సూపు మెరుస్తూనే ఉంది. ఆవిడ సూపర్వైజరును చూడలేదు. వంటామెను చూసింది. ఒక్కసారే, నిదానంగా.

వంటామె చేతిలో మూత ఉంది. ఆ మూత గిన్నె మీద పెట్టాలో, పక్కన పెట్టాలో ఆ క్షణంలో ఆమెకు తోచలేదు. నోరు తెరిచింది.

"పొరపాటైంది సార్" అంది ఉప్పక్క.

"పొరపాటా? ఆ ముసలాయన సంగతి తెలిసి కూడానా? ఏప్రన్ విప్పు. మళ్ళీ కబురు చేసేదాకా రానక్కర్లేదు." అతను వంటామె వైపు తిరిగాడు. "మీరు చూసుకోవద్దా అమ్మా? సరే, కానివ్వండి, టైమైపోతోంది. రుచి చూశారా?"

"ఆ" అంది వంటామె.

ఆ ఒక్క అక్షరం నోట్లోంచి ఊడి పడ్డాక గానీ ఆమెకు తెలియలేదు అది తన గొంతని. సూపర్వైజరు చూస్తూ నిలబడ్డాడు. ఆమె గోడ దగ్గరకు వెళ్ళి పెన్ను తీసి వేళ వేసింది, సంతకం పెట్టింది. ఉప్పక్క ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, తొట్టి అంచున ఉంచి వెళ్ళింది. ఆ రోజు పుక్కిలించలేదు.

ట్రాలీలు గడప దాటాక వంటామెకు గుర్తొచ్చింది. నీలం గుడ్డ గిన్నెను ఎవరూ రుచి చూడలేదు.

తనే వండింది. ఉప్పు వేయలేదు. వేయలేదా? పొద్దున్నే పెద్ద గిన్నెలో వేసిన చేయి, బాబాయి ఏదో జోకు వేస్తే నవ్వుతూ పక్క గిన్నెలో కూడా... లేదు, వేయలేదు. గిన్నె అడుగున ఇంకా రెండు గరిటెల సూపు ఉంది. చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుంటే తేలిపోతుంది. ఆమె గిన్నె మీదికి వంగింది. వేలు ముందుకు రాలేదు. శుక్రవారం. ఆమె వేలిని ఏప్రన్‌కు రాసుకుని, మరియతల్లిని తలుచుకుంటూ, వార్డుల వైపు చెవులు రిక్కించి నిలబడింది. కారిడార్లో ఎవరో పరుగెత్తితే గుమ్మం దాకా పోయి చూసింది. అది గాజు గ్లాసు పగిలినందుకట.

"ఇవాళ సూపులో ఏదో తక్కువైంది" అన్నాడు బాబాయి, క్యారెట్టు తరుగుతూ.

"ఏం తక్కువైంది?" ఉలిక్కిపడింది ఆమె.

"మాట" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

రెండున్నరకు ఖాళీ పళ్ళేలు తిరిగొచ్చాయి. నీలం చీటీ ఉన్న పళ్ళేలు తొమ్మిదీ ఖాళీగానే వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె తొట్టి దగ్గర నిలబడి వాటిని తనే తోమింది. నీళ్ళు అంత వేడిగా ఉంటాయని ఆమెకు తెలియదు.

నాలుగింటికి సూపర్వైజరు పిలిచాడు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీలో వాడిపోతున్న మొక్క. అతను ఒక కాగితం ముందుకు జరిపాడు.

"ఆవిడ మీద నాకేమన్నా కోపమా అమ్మా? మూడేళ్ళుగా చూస్తున్నాను, ఒక్క గ్లాసు పగలగొట్టలేదు. కానీ ఇవాళ వదిలేస్తే రేపు ఇంకొకరు. మీరు సాక్షి. చదివి సంతకం పెట్టండి. వచ్చే శుక్రవారం పదింటికి ఆవిణ్ణి రమ్మన్నాను. అప్పటికి ఇస్తే చాలు."

కాగితంలో నాలుగే వాక్యాలు. 'నా అనుమతి లేకుండా, నాకు తెలియకుండా' అన్న ముక్క దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి.

"తర్వాత ఇస్తాను సార్. కళ్ళద్దాలు మసకగా ఉన్నాయి" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం గుడిలో సిలువ మార్గం, ప్రభువు చివరి నడక పటాల ముందు చేసే ప్రార్థన. ఒక్కో పటం దగ్గర ఆగుతూ, మోకరిస్తూ, లేస్తూ జనం నడుస్తున్నారు. అయిదో పటం దగ్గర ఫాదరు చదువుతున్నది ఆమె ఏటేటా విన్నదే. ప్రభువు సిలువ మోయలేక తూలుతుంటే, పొలం నుంచి వస్తున్న ఒక మనిషిని పట్టుకుని సిపాయిలు అతని భుజాన ఎత్తారు. ఎప్పుడూ ఆ మనిషి అదృష్టాన్ని తలుచుకుని కళ్ళు చెమ్మగిల్లేవి ఆమెకు. ఇవాళ వేరే ఆలోచన వచ్చింది. మోస్తావా అని అతన్ని ఎవరైనా అడిగారా?

బయట మెట్ల మీద మరియదళం ప్రార్థన సంఘాన్ని నడిపే పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, పక్కనున్న కొత్త కోడళ్ళకు చూపించింది.

"ఈవిణ్ణి చూసి నేర్చుకోండే. పొద్దస్తమానం మాంసం గిన్నెల మధ్యే ఉంటుంది. అయినా ఇరవై ఆరేళ్ళలో ఒక్క శుక్రవారం నాలుక జారలేదు. మీరేమో ఫ్రిజ్జు తలుపు తీస్తేనే మెత్తబడిపోతారు!"

కోడళ్ళు నవ్వారు. వంటామె చెప్పులు వేసుకుంటూ, "చీకటి పడుతోంది పెద్దమ్మా, వెళ్తాను" అంది.

ఇంట్లో భర్త కుట్టుమిషను మీద ప్యాంటు అంచు మడుస్తున్నాడు. రొట్టె, ఉడికించిన చిక్కుళ్ళు ముందు పెట్టి ఆమె సంగతంతా చెప్పింది. ఆయన పళ్ళ మధ్య ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసుకుంటూ విన్నాడు.

"పెట్టకపోతే ఏమవుతుంది?"

"ఎందుకు పెట్టవంటారు. మరి ఎవరి అనుమతితో చెంచా పెట్టిందంటారు. అక్కణ్ణించి పుస్తకం దాకా వస్తుంది. నా ఉద్యోగం పోతుంది."

"పెడితే?"

"ఆవిడది పోతుంది."

ఆయన ప్యాంటు దులిపాడు. "దానికింత బాధపడతావెందుకే? అయిదు పెట్టినదానివి ఆరోది పెట్టలేవా?"

ఆయన మామూలుగానే అన్నాడు. ఆయన మాటలెప్పుడూ అంతే, సూదిలా పోయేవి. పోయాక నొప్పి తెలిసేది. ఆమె లెక్క చూసుకుంది. విభూది బుధవారం, నాలుగు శుక్రవారాలు. అయిదే.

శనివారం తొట్టి దగ్గరకు ఏజెన్సీ నుంచి కొత్త మనిషి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా చెవిలో పాటలు పెట్టుకుని తోమింది. శనివారం, ఆదివారం, సోమవారం వంటామె గిన్నెలు తనే రుచి చూసింది. పుస్తకంలో ఆ సంతకాలు నిజమైనవి. పక్క పేజీలోని శుక్రవారం సంతకాలూ అలాగే ఉన్నాయి, అదే సిరా, అదే వంపు. ఏది ఏదో చూసి ఎవరూ చెప్పలేరు.

మంగళవారం బాబాయి ఉల్లిపాయలు ఒలుస్తూ, "ఇంకో మూడు రోజుల్లో శుక్రవారం మళ్ళీ వస్తుందిగా. ఈసారి ఎవరి నాలుక అరువు తెస్తావు?" అన్నాడు.

"నువ్వు చూస్తావా బాబాయ్?"

"నేనా? ఆవిడ గతి చూశాక? నా నాలుక నాకు చాలా పనులకి కావాలమ్మా. ముఖ్యంగా మూసుక్కూర్చోడానికి." నవ్వాడు గానీ ఆయన కళ్ళు నవ్వలేదు. ఉల్లిపాయలో, మరేమిటో, ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఆమె గుడికి, ఫాదరు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. జాలీ అవతల ముసలి ఫాదరు జలుబుతో ముక్కు చీదుకుంటున్నాడు. ఆమె అబద్ధపు సంతకాల గురించి చెప్పింది, ఉప్పక్క గురించి చెప్పింది, కాగితం గురించి చెప్పింది.

"వంటమనిషి ఉప్పు చూడ్డం తినడం కాదమ్మా. దానివల్ల శుక్రవారం చెడదు. ముందే నన్నడిగితే ఆ మాటే చెప్పేవాణ్ణి."

"తెలుసు ఫాదర్."

"తెలుసా?"

"మీరు ఫర్వాలేదంటారని తెలిసే అడగలేదు."

అది అంటున్నప్పుడే ఆమెకు అర్థమైంది ఇన్నాళ్ళూ తను కాపాడుకుంటున్నది ఏమిటో. జాలీ అవతల రుమాలు చప్పుడు ఆగింది.

"ఆ గిన్నెలు తోమేవిడ, ఆవిడ మాంసం తింటుందా?"

"తింటుంది ఫాదర్. అంటే... మనవాళ్ళు కాదుగా, ఆవిడకి శుక్రవారాలూ అవీ ఉండవు. తినే ఉంటుంది."

"ఎప్పుడైనా అడిగావా?"

మూడేళ్ళుగా ఒకే గదిలో మధ్యాహ్నం తిన్నారు. ఉప్పక్క తన డబ్బా తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చునేది. ఆ డబ్బాలో ఏముండేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. మూత మీద గీత ఒకటి గుర్తొచ్చింది, అంతే.

"అడిగి రామ్మా. తర్వాత మిగతా ప్రాయశ్చిత్తం సంగతి చూద్దాం" అన్నాడు ఆయన.

గురువారం పని అయ్యాక ఆమె ఉప్పక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఉత్తచేతులతో ఎలా వెళ్ళడమని, పొద్దున్నే లేచి ఇంట్లో మాంసం కూర వండింది. మంచి ముక్కలు ఏరి డబ్బాలో సర్దింది. గురువారమే కదా, తప్పు లేదు. సైకిళ్ళు బాగుచేసే షాపు పక్కన ఇరుకు మెట్లు. మూడో అంతస్తులో తలుపు తీసింది ఉప్పక్క కూతురు, చంకలో పసిపిల్ల.

"మీరు వంటింటి ఆంటీ కదూ? అమ్మా, ఎవరొచ్చారో చూడు."

ఉప్పక్క నేల మీద కూర్చుని పిల్ల బట్టలకు గుండీలు కుడుతోంది. లేవలేదు. "రా అక్కా, కూర్చో" అంది, దారం కొరుకుతూ. స్టూలు కూతురు తెచ్చి వేసింది. వంటామె డబ్బా ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"నా చేత్తో వండానమ్మా. అమ్మకి పెట్టు."

కూతురు మూత తీసింది. వాసన గదంతా నిండింది. ఆ అమ్మాయి తల్లి వైపు చూసి గబుక్కున మూత పెట్టేసింది.

"అమ్మ తినదుగా ఆంటీ. మీకు తెలీదా? పదకొండేళ్ళయింది ఇది మా పొయ్యి ఎక్కి."

సూది గుడ్డలోంచి అవతలికి వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. కింద షాపులో ఎవరో చక్రం తిప్పి వదిలితే అది గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"పట్టుకెళ్ళి పక్కింటి వాళ్ళకి ఇచ్చిరా" అంది ఉప్పక్క కూతురితో. "మంచి వంట. పారెయ్యకూడదు."

ఆ అమ్మాయి వెళ్ళాక వంటామె స్టూలు దగ్గరకు జరుపుకుంది.

"ఎందుకు మానేశావు?"

"మా ఆయన ఆఖరు రోజుల్లో ఒక్క ముక్క పెట్టమని అడిగాడు. డాక్టరు వద్దన్నాడు. నేను పెట్టలేదు. రోజూ అడిగేవాడు, చంటిపిల్లాడిలా. ఇవాళా రేపా అన్నట్టున్న మనిషికి ఒక్క ముక్క పెడితే ఏం పోయేది? పెట్టలేదు." ఆవిడ గుండీని లాగి చూసింది, గట్టిగా ఉందో లేదోనని. "ఆయన పోయాక నాకిక గొంతు దిగలేదు. మొక్కు కాదు, ఏం కాదు. దిగలేదంతే."

"మరి నేను చెంచా ఇస్తే..."

"పుక్కిలించేదాన్నిగా."

"అడ్డం చెప్పకపోయావా ఉప్పక్కా! ఒక్క మాట అంటే..."

ఉప్పక్క మొదటిసారి తలెత్తింది.

"ఆ వంటింట్లో నన్ను ఎవరేం అడుగుతారు? ఇది తోము, అది జరుపు, అంతేగా. ఇది ఎలా ఉందో చెప్పు అని అడిగింది నువ్వొక్కదానివి. గొప్పగా అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నా." కాస్త నవ్వింది, ఆ నవ్వు నిలవలేదు. "ఆవిరి చూసి చెప్తానన్నాను. నువ్వు ఒప్పుకోలేదు. నీ దేవుడికి నీ నోరు శుభ్రంగా ఉండాలి. నా నోరు ఎట్లా పోయినా ఫర్వాలేదు, కదా?"

వంటామె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నలభై రోజులైతే తనకు ఈస్టరు వస్తుంది. బల్ల మీద అన్నీ వస్తాయి. ఈవిడకు పదకొండేళ్ళుగా రాలేదు.

"ఆ రోజు నావైపు చూశావు" అంది చివరికి.

"నువ్వు చెబుతావనుకున్నా. చెప్పలేదు. నేను చెబితే చాడీ అవుతుంది. రేపు పదింటికి రమ్మన్నాడు. ఏదో ఒక కాగితం మీద వేలిముద్ర పెట్టిస్తాడు, వచ్చేస్తాను. ఇళ్ళల్లో పని దొరక్కపోదు."

"వేలు పెట్టకు. నేను వచ్చేదాకా దేని మీదా పెట్టకు."

ఉప్పక్క ఆమెను కాసేపు పరీక్షగా చూసింది, ఉప్పు పడిందో లేదో తేల్చుకుంటున్నట్టు. నమ్మినట్టూ అనలేదు, నమ్మనట్టూ అనలేదు. "మెట్లు జాగ్రత్త అక్కా, మూడోది విరిగింది" అంది.

శుక్రవారం పదింటికి ఉప్పక్క సూపర్వైజరు గది బయట స్టూలు మీద కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తల. వంటామె పుస్తకాన్ని గోడ మేకు నుంచి ఊడదీసి చంకలో పెట్టుకుని వచ్చింది. ఉప్పక్క పక్కనుంచి లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు.

"కాగితం తెచ్చారా అమ్మా?"

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. సంతకం లేదు. దాని మీద పుస్తకం తెరిచి పెట్టి, పేజీలు తిప్పుతూ ఒక్కో చోట వేలుంచింది.

"ఇది అబద్ధం సార్. ఇదీ. ఇదీ. ఇదీ. ఇది కూడా. ఈ రోజుల్లో నేను రుచి చూడలేదు. నేనే ఆవిడ చేతికి చెంచా ఇచ్చాను. వద్దు, వాసన చూసి చెప్తానంటే నేనే బలవంతాన నోట్లో వేయించాను."

సూపర్వైజరు పుస్తకం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "ఎందుకు?"

"మా తపస్సుకాలం శుక్రవారాలు. మాంసం ముట్టను."

"ముట్టనని ఒక్క మాట నాకు చెబితే ఇంకెవరినన్నా పెట్టేవాణ్ణి కదమ్మా!"

"చెబితే పొయ్యి దగ్గర్నుంచి తప్పిస్తారేమోనని. ఇంకోటి..." ఆమె ఆగింది. "అంత కష్టమైన చోట ఉండి కూడా మానేశానని పదిమందీ అనుకోవాలని. అది కూడా ఉంది సార్."

అతను చివరి సంతకం మీద పెన్సిలు ఆనించాడు.

"కిందటి శుక్రవారం. ఆవిడ చిన్న గిన్నె ముట్టకముందే నేను వచ్చాను. మరి నీలం గిన్నె ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

అతను కుర్చీలో వెనక్కి ఒరిగాడు. బయట స్టూలు కిర్రుమంది.

"తొమ్మిది మంది" అన్నాడు.

"తొమ్మిది మందే సార్. పళ్ళేలు నేనే తోమాను."

అతను పుస్తకం మూశాడు. తర్వాత కాగితాన్ని అడ్డంగా చింపి బుట్టలో వేశాడు. తెల్లకాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇప్పుడు నాకు చెప్పిందంతా రాయండి. సోమవారం పైవాళ్ళ ముందు కూడా ఇదే చెప్పాలి. వాళ్ళేం చేస్తారో నేను చెప్పలేను. అప్పటిదాకా పొయ్యి దగ్గర ఇంకెవరూ లేరు కాబట్టి మీరే ఉంటారు. నేను పక్కన నిలబడతాను." గుమ్మం వైపు చూసి, గొంతు సవరించుకుని, "మీరు లోపలికి వెళ్ళండమ్మా. ఏప్రన్ అక్కడే ఉంది" అన్నాడు. ఉప్పక్కను అతను మీరు అనడం అదే మొదటిసారి.

పదకొండుకు పావు తక్కువ. పొయ్యి మీద రెండు గిన్నెలు. తొట్టి దగ్గర ఉప్పక్క, ఆ పక్క కత్తి ఆపేసిన బాబాయి, గుమ్మంలో చేతులు కట్టుకున్న సూపర్వైజరు. వంటామె సిలువ గుర్తు వేసుకోబోయి మానేసింది. చూసేవాళ్ళ కోసం వేసుకుంటున్నట్టు అనిపించింది.

పొడవాటి చెంచా తీసుకుంది. పెద్ద గిన్నెలోంచి తీసి ఊదింది. నోట్లో వేసుకుని మింగింది.

పొద్దుట్నుంచీ ఒక్కపొద్దు. నోరు ఎండి అట్టలా ఉంది. వేడి తెలిసింది, జిడ్డు తెలిసింది. ఇరవై ఆరేళ్ళు ఈ శుక్రవారాల్లో దూరం పెట్టినది నోట్లో పడితే ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. సూపు, అంతే. ఉప్పు మాత్రం ఎంతకీ అంతుపట్టలేదు. ఇంకో చెంచా మింగింది. తెలియలేదు. వెనక సూపర్వైజరు గడియారం చూసుకోవడం తెలుస్తూనే ఉంది.

ఆమె తొట్టి వైపు తిరిగింది.

"ఉప్పక్కా, ఎలా ఉందంటావు?"

ఉప్పక్క చేతులు నీళ్ళలోనే ఉన్నాయి.

"ముక్కుతో చెప్పనా, నాలుకతో చెప్పనా?"

బాబాయి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"ముక్కుతో చాలు" అంది వంటామె.

ఉప్పక్క తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. గడ్డం కాస్త పైకెత్తి, ఆవిరి తనదాకా వచ్చేవరకూ ఆగి, లోపలికి పీల్చింది.

"చిన్న చెంచాడు పడాలి. మొదటి రోజు కూడా ఇంతే."

వంటామె చిన్న చెంచాడు ఉప్పు వేసి గరిటెతో అడుగు దాకా కలిపింది. మళ్ళీ రుచి చూసింది. ఈసారి తెలిసింది. సరిపోయింది. రెండో చెంచా తీసి, నీలం గుడ్డ గిన్నెలో ముంచి, అదీ మింగింది. చప్పగా ఉంది. ఉండవలసినంత చప్పగా.

పుస్తకంలో వేళ వేసి సంతకం పెట్టింది. ట్రాలీలు కదిలాయి. ఆమె రుచి చూసిన చెంచాలు రెండూ తీసుకుని తొట్టి దగ్గరకు వెళ్ళింది. ఉప్పక్క చెయ్యి చాచింది. ఆమె ఇవ్వలేదు.

ఉప్పక్క కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. వంటామె తన చెంచాలు తనే కడుక్కుంది.